కిటికీ పక్క కుర్చీలో కమలాక్షి

హిందూపురంలో తిమ్మప్ప ఇల్లెక్కడ అంటే ఏ తిమ్మప్ప అని ఎదురు అడుగుతారు. బొమ్మల తిమ్మప్ప అంటే చిన్నపిల్లలు కూడా వేలు పెట్టి చూపిస్తారు. ఒకప్పుడు అంగళ్ల బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చి నోటికాడి కూడు లాగేసుకున్నాక, పోయినవాళ్ల బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. బతికున్నవాళ్లు ఫ్లెక్సీలకెక్కారు, పోయినవాళ్లు ఇతని పాలబడ్డారు.

అదేమంత పని అనుకునేరు, పెద్ద తంటా. ఒక ముసలామె పోతే ఇంట్లో దొరికే ఫోటో ఏది? ఆధార్ కార్డులోది. అందులో ఎంత పుణ్యాత్మురాలైనా దొంగతనం చేసి పట్టుబడ్డట్టే ఉంటుంది. సరే, దాన్ని చూసి ముక్కూ కళ్లూ వేయొచ్చు. భుజం వాలు, మెడ తిరిగిన తీరు, చీర మడతల మీద పడే వెలుగు ఎక్కడినుంచి తేవాలి? అందుకే తిమ్మప్ప తనకు కావలసిన ఫోటోలు తానే తీసుకునేవాడు. ఉత్తరం కిటికీ పక్కన ఒక కుర్చీ. రెండోవైపు గడ్డం కింద నీడ మరీ నల్లబడకుండా, వెలుగును తిప్పికొట్టడానికి తెల్లటి థర్మాకోల్ అట్ట. ఎదురుగా స్టాండు మీద ఫోను. పోయినామె చీరే తెప్పించి, అదే కట్టించి కూర్చోబెట్టేవాడు.

పోయినామె కూతుళ్లను కూర్చోమంటే ఆమడ దూరం పారిపోయేవారు. పోయినవాళ్ల చీర కట్టి పోయినవాళ్ల మాదిరి కూర్చుంటే యముడు లెక్క తప్పుతాడని వాళ్ల భయం. అందుకని పన్నెండేళ్లుగా ఆ కుర్చీలో కూర్చున్నది ఒక్కతే, తిమ్మప్ప భార్య కమలాక్షి. మంచిది కాదే తల్లీ అని పక్కింటి దాసమ్మ మొత్తుకునేది. ధర్మవరం పట్టుచీరలు మనమెప్పుడు కొంటాం, ఇట్లయినా ఒక గంట కడతాను కదా అని కమలాక్షి నవ్వేసేది.

ఆలోచిస్తే ఒళ్లు జలదరించే సంగతి ఇది. ధర్మవరంలో మగ్గాల ఇళ్లలో, పెనుకొండలో మేస్టర్ల ఇళ్లలో, ఎన్నెన్ని గోడల మీదో కమలాక్షి భుజాల మీదుగా పూలదండలు వేలాడుతున్నాయి. ముఖాలే వేరు. తిమ్మప్పకు మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

పోయిన మాఘంలో ఆమడగూరు నుంచి నాగమణి అనే ఆమె వచ్చి, తల్లి కుళ్ళాయమ్మ బొమ్మ వేయమంది. చీర ఇచ్చిపోయింది. ఫోటో తీసేరోజు థర్మాకోల్ అట్ట గాలికి పడి రెండు ముక్కలైంది. ఒక్కరోజుకేముందిలే అని తిమ్మప్ప అట్ట లేకుండానే తీశాడు. ఫోటోలో ఉన్నది ఉన్నట్టే వేశాడు.

బొమ్మ తీసుకుపోవడానికి వచ్చిన నాగమణి చాలాసేపు దాన్నే చూసింది.

"మొగం మాయమ్మదే అన్నా. మాయమ్మకు గొంతుకాడ గడ్డ యాడుండాది?"

అది నీడమ్మా, ఒక్క పూత పూస్తే పోతుందన్నాడు తిమ్మప్ప. అప్పుడే కమలాక్షి నీళ్ల చెంబుతో లోపలికొచ్చింది. నాగమణి ఆమె వైపు చూసింది, మళ్లీ బొమ్మ వైపు చూసింది.

"నీడ కాదన్నా. ఆయమ్మకుండాది, చూడు."

కమలాక్షి చెయ్యి తనంతట తానే గొంతు మీదికి పోయింది. చెంబులో నీళ్లు ఒలికి నేల తడిసింది. ఎవరూ తుడవలేదు.

మర్నాడే పుట్టపర్తి ఆసుపత్రికి పోయారు. డాక్టరమ్మ గొంతు నొక్కి చూసి, ఇది ఎన్నాళ్లనుంచి ఉందని అడిగింది. ఏమో, నెలరోజులుగా ముద్ద దిగడం కష్టంగా ఉంది, అంతే అంది కమలాక్షి. ఆ ప్రశ్నకు జవాబు తన జేబులోనే ఉందని తిమ్మప్పకు అప్పటికే తట్టింది.

బయట బల్ల మీద కూర్చుని ఫోను తీశాడు. ప్రతి ఫోటో కింద తేదీ ఉంది. నిరుడు పెనుకొండ మేస్టరు తల్లి కోసం తీసిన దాంట్లో గడ్డ ఉంది. పైట కొంచెం పైకి లాక్కో, మెడ బాగాలేదు అని తానే కసిరిన రోజు అది. అంతకుముందు ఏడాది తీసినవాటిలోనూ ఉంది. మూడేళ్ల కిందట ధర్మవరం పట్టుచీరలో శనగగింజంత ఉంది. ఏటేటా అది పెరిగింది, ఏటేటా ఇతను వెలుగు కుదరలేదనుకుని అట్టను ఇంకో జానెడు దగ్గరికి జరిపాడు. మిగిలిన మచ్చను కుంచెతో పూశాడు. పోయినవాళ్ల ముక్కు మీది పులిపిరి సైతం వదలని మనిషి! దీపం కింద చీకటి అంటారు, ఈ మహానుభావుడు వెలుగు వేసి మరీ కప్పిపెట్టాడు. అక్కడే తల బాదుకున్నాడు పాపం, ఏం లాభం?

లోపలికి పోయి, మూడేళ్లమ్మా అన్నాడు. రాస్తున్న డాక్టరమ్మ చెయ్యి ఆగింది. గడ్డలోకి సూది పెట్టి పరీక్షకు తీసుకున్నారు. సోమవారం రమ్మన్నారు.

ఆదివారం పొద్దున కమలాక్షి తలంటు పోసుకుంది. పెట్టెలోంచి తన చీర తీసి కట్టుకుంది. ఆకుపచ్చ అంచు నూలుచీర, సంతలో తానే బేరమాడి కొన్నది. వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. అతికించి పెట్టిన థర్మాకోల్ అట్టను కాలితో అవతలికి నెట్టింది.

ఇప్పుడెందుకు, రేపు రిపోర్టు రానీ అన్నాడు తిమ్మప్ప.

"అందరికీ నేను కూర్చుంటి. రేపు నాకెవురు కూర్చుంటారప్పా?"

తిమ్మప్ప ఫోను ముందు నిలబడ్డాడు. అందులో కమలాక్షివి ఎనిమిది వందల ఫోటోలుంటాయి, సొంత చీరలో ఉన్నది ఒక్కటీ లేదు. శకునాలన్న ప్రతివాణ్నీ పన్నెండేళ్లు ఎగతాళి చేసిన మనిషికి, ఆ ఒక్క ఫోటో తీయాలంటే వేలు రాలేదు. తీస్తే నిజమవుతుందేమోనని భయమేసింది. తీయకపోతే ఏమీ మిగలదేమోనని అంతకన్నా భయమేసింది.

"తీయప్పా, వెలుగు పోతాండాది," అంది కమలాక్షి.

అతను నేర్పినట్టే వీపు నిటారుగా పెట్టి, గడ్డం కొంచెం పైకెత్తింది. పైట మాత్రం పైకి లాక్కోలేదు.