ట్రాక్టర్ గుడ్ల సినిమాలో ఆర్న్‌ఫిన్

ఆర్న్‌ఫిన్ ఇరవై ఎనిమిది చలికాలాలు ఆ లోయ రోడ్ల మీద లారీతో మంచు తోశాడు. రోడ్డు శుభ్రం చేసిపోతూ ప్రతి ఇంటి వాకిలికీ అడ్డంగా నడుమెత్తు మంచుగట్టు వదిలేస్తాడని జనం తిట్టిపోసేవాళ్ళు. "కురిపించింది నేనా? పైవాణ్ణి అడగండి" అని హారన్ కొట్టి పోయేవాడు. పెళ్ళి లేదు, పిల్లల్లేరు. ఉన్నదల్లా గొంతు. పాస్టర్ దగ్గు దగ్గర్నుంచి కిరాణా కొట్టు ఆవిడ సణుగుడు దాకా ఎవరినైనా సరే ఆ గొంతులోకి దింపేసేవాడు. వాళ్ళ ముందే, వాళ్ళే పడీపడీ నవ్వేలా!

అతనికి యాభై ఆరో ఏడు నడుస్తుండగా ఈ సినిమా పిచ్చి పట్టుకొచ్చింది స్వెర్రె. బడిలో వడ్రంగం నేర్పే పంతులు, ఆర్న్‌ఫిన్‌కి చిన్నప్పటి నేస్తం. కోసిన గడ్డిని గుండ్రంగా చుట్టి తెల్ల ప్లాస్టిక్ తొడిగి పొలాల్లో వదిలేస్తారు కదా, వాటిని మావాళ్ళు ట్రాక్టర్ గుడ్లంటారు. ఒక సెప్టెంబర్ పూట ఆ గుడ్లు పగిలి వేరే గ్రహం వాళ్ళు బయటికొస్తే? నలుగురు స్నేహితులు లోయను కాపాడాల్సివస్తే? అదీ కథ. పైసా లేదు. బడి కెమెరా, బడిలోదే ఒక ముసలి కంప్యూటర్. ఆర్న్‌ఫిన్ అక్క బోర్గిల్డ్ అదే ప్లాస్టిక్ చించి వేషాలు కుట్టింది.

ఆర్న్‌ఫిన్ వేషం మంచులారీ డ్రైవరే. గుడ్డు పగిలి ఆ వింతజీవి మీదికొస్తుంటే తక్కినవాళ్ళు పరుగో పరుగు. ఇతను మాత్రం నిలబడి, "కాఫీ పెట్టాను, తాగి పొండి. బూట్లు మాత్రం బయటే విప్పండి" అనాలి.

బూట్ల దగ్గరికొచ్చేసరికి నాలుక మడతపడింది. మళ్ళీ తీశారు, మళ్ళీ మడతపడింది.

"పొద్దున్నే ఏసుకొచ్చావట్రా?" అన్నాడు స్వెర్రె.

"ఏసుకుంటే నీకన్నా బాగానే మాట్లాడతాను, ముందు కెమెరా తిన్నగా పట్టుకో!"

ఆ తర్వాతి ముక్కలో అతనూ పరుగెత్తాలి. ఎడంకాలు ఈడ్చుకుపోయి ఆర్న్‌ఫిన్ బురదలో బోర్లా పడ్డాడు. అందరూ కడుపులు పట్టుకున్నారు. "ఇలా పడటం నీ ఒక్కడికే చేతనవునురా!" అని అరిచాడు స్వెర్రె. ఆర్న్‌ఫిన్ మొహం తుడుచుకుని వంగి దండం పెట్టాడు. నిజానికి అతను నటించలేదు.

అక్టోబర్‌లో పట్నం ఆసుపత్రిలో చెప్పేశారు. కండరాలను ఆడించే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయి, మందు లేదు, ముందు పోయేది మాట. తిరిగొచ్చేటప్పుడు కారు బోర్గిల్డ్ నడిపింది.

"స్వెర్రెకి చెప్పవా?" అంది లోయ దగ్గరపడుతుంటే.

"చెబితే జాలిపడి అంతా ఆపేస్తాడు. వద్దక్కా. ఆ సినిమాలో నా గొంతుంది. నేను పోయాక ఇంకెక్కడా ఉండదు. జనం నన్ను చూసి నవ్వాలి, అంతే."

బోర్గిల్డ్ మూడు వారాలు బిగబట్టుకుంది. నవంబర్‌లో ఒకరోజు కిరాణా కొట్లో రొట్టెల దగ్గర స్వెర్రె కనపడి "ఎలా ఉన్నాడు?" అనగానే ఏడుపు ఆగలేదు, జబ్బు సంగతి చెప్పేసింది. స్వెర్రె చేతిలో రొట్టె అక్కడే పెట్టేశాడు. బడికెళ్ళి తీసిన సినిమా ముక్కలు మళ్ళీ మళ్ళీ వేసి చూశాడు. జబ్బుమనిషి పడితే తను నవ్వాడు. ఊరంతా నవ్వబోతోంది. ఛీ, వీణ్ణి నవ్వులపాలు చేస్తానా అనుకున్నాడు. పడిన ముక్క తీసేశాడు. కాఫీ మాటలు అందరికంటే శుభ్రంగా తన గొంతుతో చెప్పి అతికించాడు. కంప్యూటర్‌లో చోటు చాలక, తీసేసినవన్నీ తుడిచిపారేశాడు.

పోయి ఒక్కమాట అడగొచ్చు కదా! రెండిళ్ళ అవతలే కదా ఆర్న్‌ఫిన్ ఉండేది! అడగడు. కష్టంలో ఉన్నవాణ్ణి కదపకూడదట. మావాళ్ళ మర్యాద అది. ఆ మర్యాద తగలెయ్య!

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఊరి హాల్లో సినిమా వేశారు. వాఫిల్స్ కాల్చారు, గోధుమరంగు చీజ్ కోశారు, పెద్ద ఫ్లాస్కుల నిండా కాఫీ పెట్టారు. ఆర్న్‌ఫిన్ చక్రాల కుర్చీలో ముందు వరసన కూర్చున్నాడు. మాట పోయి నెలయింది, ఒళ్ళో పలక పెట్టుకున్నాడు. తన ఘట్టం దగ్గరపడుతుంటే బోర్గిల్డ్ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

గుడ్డు పగిలింది. తెర నిండా వింతజీవి మొహం. "కాఫీ పెట్టాను" అంది స్వెర్రె గొంతు, అక్షరం పొల్లుపోకుండా. జనం మర్యాదకి నవ్వారు. అతను పడటం రానేలేదు.

లైట్లు వేశాక స్వెర్రె వచ్చి కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నీ పరువు కోసమేరా..."

ఆర్న్‌ఫిన్ పలక మీద రాశాడు. 'నా గొంతేది?'

"తుడిచేశాను."

ఆర్న్‌ఫిన్ నోట్లోంచి అరుపో ఏడుపో తెలియని శబ్దమొకటి వచ్చింది. హాలంతా కప్పులు పట్టుకుని నేలచూపులు చూసింది. బోర్గిల్డ్‌కి అందరికంటే కొట్లో నోరు జారిన తనమీద తనకే ఒళ్ళు మండింది.

నాలుగు రోజులు ఆర్న్‌ఫిన్ ఎవరినీ గడప తొక్కనివ్వలేదు. అయిదోరోజు స్వెర్రె ఫోన్‌కి సందేశం వచ్చింది. 'పడటం ఇంకా వచ్చు. కెమెరా తీసుకురా.'

మంచు ఇంకా మోకాలెత్తు ఉంది. గుడ్డు పక్కన కుర్చీ పెట్టారు. కుర్చీలోంచి తొయ్యాల్సింది స్వెర్రె. భుజం మీద చెయ్యి వేసి తీసేశాడు.

"నావల్ల కాదురా."

"జరుగు, నువ్వు కెమెరా చూసుకో" అని బోర్గిల్డ్ తమ్ముడి కళ్ళలోకి చూసింది. అతను సరేనన్నట్టు రెప్ప వేశాడు. ఆమె తోసేసింది.

మొహం మంచులోకి కూరుకుపోయింది. ఎవరూ నవ్వలేదు. లేవనెత్తేసరికి ఆర్న్‌ఫిన్ కింది పెదవి ముందుకు పెట్టి, కళ్ళు చిట్లించి, ఏడవబోయే స్వెర్రె మొహాన్ని అచ్చుగుద్దినట్టు దించేశాడు. స్వెర్రె పకపకా నవ్వాడు. ఆపుకోలేకపోయాడు. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చాడు.

జూన్‌లో ఆర్న్‌ఫిన్‌ని చర్చి వెనక పాతిపెట్టారు. ఇప్పుడు ప్రతి సెప్టెంబర్‌లోనూ హాల్లో ఆ సినిమా, మంచులో పడ్డ ముక్క కూడా కలిపి, వేస్తారు. అతను కుర్చీలోంచి పడగానే హాలు విరగబడి నవ్వుతుంది. అతను కోరింది అదే, బోర్గిల్డ్‌కి సంతోషమే. కాఫీ ఘట్టంలో మాత్రం ఆమె కళ్ళు మూసుకుంటుంది. తెరమీది గొంతును వదిలేసి, తమ్ముడి గొంతుతో ఆ మాటలు లోపల అనుకుంటుంది.

పోయిన ఏడు సినిమా అయ్యాక కప్పులు కడుగుతూ బోర్గిల్డ్ స్వెర్రెతో అంది. "వాడి గొంతు నాకు గుర్తు రావట్లేదు స్వెర్రె. ఎంత ప్రయత్నించినా నీదే వినపడుతోంది."