పాండిచ్చేరిలో సీతారత్నం భోజనం

సీతారత్నం పలాసలో జీడిపప్పు ఏరే మనిషి. పెళ్లైన కొత్తలో జీడిపిక్కలు కొట్టి పప్పు తీసేది. జీడి నూనెకి వేళ్లు నల్లబడిపోయాక పప్పు ఏరే బల్ల దగ్గరికి మారింది. పద్దెనిమిదేళ్లుగా విరగని గుండునీ, రెండుగా విడిపోయిన బద్దనీ వేళ్లతో తడిమే వేరుచేసేది.

2003లో సరుకు చూడ్డానికి వచ్చిన ఫ్రెంచి వ్యాపారి ఒకాయన ఆమె బల్ల దగ్గరే గంటసేపు నిలబడిపోయాడు. పాండిచ్చేరిలో జరిగే కొనుగోలుదారుల సమావేశంలో ఆ పనితనం చూపించాలని యజమాని మన్మథరావును కోరాడు. అలా మన్మథరావు దంపతులతో కలిసి సీతారత్నం రైలెక్కింది.

సమావేశం ముగిసిన సాయంత్రం ఆ వ్యాపారి వాళ్లను సముద్రపు ఒడ్డున ఉన్న పాత ఫ్రెంచి హోటలుకి భోజనానికి పిలిచాడు. దొరల కాలంలో కట్టిన మేడ. గోడల నిండా నిలువెత్తు అద్దాలు, అద్దాల నిండా కొవ్వొత్తులు. వెలుగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో తెలియడం లేదు. లోపలెక్కడో పియానో మోగుతోంది. తెల్ల చేతితొడుగుల మనిషి కుర్చీ లాగి పట్టుకుంటే, అది తన కోసమేనని ఆమెకు కాసేపటికి గాని అర్థం కాలేదు.

"ఏటి, సేతులు ఒళ్లో దాసేసుకున్నావు?" అంది మన్మథరావు భార్య సుభద్ర.

"తెల్లగుడ్డకి నలుపు అంటుకుద్దేమోనని, అమ్మగారూ."

"అంటుకోదులే. తిను."

వెడల్పాటి పళ్లెంలో రెండు గరిటెల చారు. ఆ తర్వాత వెన్నలో వేగిన చేప. పళ్లేనికీ పళ్లేనికీ మధ్య చాలాసేపు ఖాళీ. కదలని నీళ్లమీద పడవలో కూర్చున్నట్టుంది సీతారత్నానికి. చివర్న మీగడలాంటి తీపి వచ్చింది. దానిమీద మూడు జీడిగుండ్లు. ఒకటి నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"ఎలాగుంది?"

"కమ్మగా ఉందమ్మగారూ. గుండు నేనెప్పుడూ తిన్లేదు."

సుభద్ర చెంచా ఆగిపోయింది. "మన ఫేట్రీలో పన్జేత్తూనా?"

"తూకమేసి ఇత్తారు కదమ్మా. నోట్లో ఎట్టుకుంటే పని పోద్ది."

సుభద్ర తన పళ్లెంలోని మూడు గుండ్లూ తీసి ఆమె పళ్లెంలో పెట్టింది. కిటికీ అవతల కెరటాలు వచ్చి పోతున్నాయి. సీతారత్నం ఒక్కొక్కటే తింది.

పలాస చేరిన వారానికి సుభద్ర మధ్యాహ్నం వేళ ఫ్యాక్టరీకి వచ్చి, ఆడవాళ్లందరికీ దోసెడేసి వేయించిన గుండ్లు పంచింది. మన్మథరావు కాదనలేదు. తర్వాత ప్రతి శనివారం అదే మామూలైంది.

మొదటిసారి గుండ్లు పంచిన రోజే పక్క బల్ల అప్పలమ్మ అడిగింది. "ఆ పాండిచ్చేరిలో తిండికి ఏటెట్టారే?"

"పేర్లు తెలీవు," అంది సీతారత్నం, నములుతూ. "తిన్నంతసేపూ ఎవులూ తొందరెట్టలేదే."