పురుగు పట్టని నేల ఉసిరి

హిందూపురం అంగడిలో కొన్న ఎండు నేల ఉసిరి సారం పోస్తే, మా ల్యాబ్‌లో పెంచిన క్యాన్సర్ కణాలన్నీ ఒక్కరోజులో చచ్చాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. పెనుకొండ దగ్గర చేనుగట్టున నేనే కోసి ఎండబెట్టిన నేల ఉసిరి ఆకుతో అదే పరీక్ష మళ్లీ చేశాను. కణాలకు చీమ కుట్టినట్టయినా లేదు.

నేరుగా అంగడికి వెళ్లాను. "ఏమప్పా, ఈ ఆకులో ఏం కలిపినావు?"

"ఏమీ కలపలేదమ్మా. పురుగు పట్టకుండా రోంత మందు చల్లినా, అంతే," అన్నాడు అంగడాయన గర్వంగా. "చూడు, ఒక్క పురుగైనా ఉండాదా?"

"కామెర్లొచ్చినోళ్లు దీన్నే నూరి తాగుతారు గదప్పా!" అని అరిచాను.

అప్పటినుంచి ఆకు నేనే కోస్తాను. కణాన్ని ఏ విషమైనా చంపుతుంది. చంపింది ఆకేనని నేను చెప్పానంటే మాత్రం, అది ఆకే.