గాజులమ్మ చూపు

"నా బిడ్డ మూగదైతదా, సకీనమ్మా?" సకల జనుల సమ్మెకు బస్సులు ఆగి, కరీంనగర్ డాక్టరు దగ్గరికి పోలేని మానస భయం అది. ఆమె సైన్స్ టీచర్; కూతురి మాటలు రోజూ నోట్‌బుక్‌లో లెక్క రాస్తుంది. రెండేళ్ల ప్రవళికకు వచ్చింది "ఆ" ఒక్కటే. పక్కింటి సకీనాబీ ముప్పై ఏళ్లుగా కోరుట్లలో గాజులమ్ముతోంది. బొటనవేలిని అరచేతిలోకి మడిచి గాజు ఎక్కిస్తున్నప్పుడు చేతిని చూడదు, నొప్పి తెలిసే మొఖమే చూస్తుంది.

ఆమె పాప వెనుక గాజులు గలగలలాడించింది. పాప గిర్రున తిరిగి, చేతులు చాపి "ఆ!" అంది. "చెవులు మంచిగనే ఉన్నయి. ఉర్దూల 'ఆ' అంటే రా. నన్ను పిలుస్తుంది. గాజులు గావాల్నా బిడ్డా?" పాప తలూపింది: "ఆ." "గిది తెలుగు! బస్సులు నడిచినంక డాక్టరుకు జెప్పు, నా బిడ్డకు రెండు భాషలస్తయని!" సకీనాబీ సొంత మనవరాలిని పొగిడినట్టు మురిసిపోయింది. "మాటలు లెక్కవెట్టకు, మానసా. మొఖం సూడు." నోట్‌బుక్ ఆనాడే మూతపడింది. ఇప్పుడు పాప "ఆ" అన్నప్పుడల్లా మానస చూసేది బిడ్డ మొఖమే.