తిలకం బొట్టు పెట్టిన డిస్కు

మొన్న ఆయుధపూజకు రెండు రోజుల ముందు మదనపల్లెలో కొత్త లాప్‌టాప్ కొన్నాను. కొనే వస్తువు ఏదైనా వెనక్కి తిప్పి మరలు ఎక్కడున్నాయో చూడడం నాకు అలవాటు కదా, అలాగే తిప్పి చూసి, మెమరీ పోతే ఎట్లా మార్చేది, డిస్కు పోతే ఎట్లా తీసేది అని అంగడి అబ్బాయిని అడిగాను. ఇప్పటివాటిలో మార్చేది, తీసేది ఏమీ ఉండదని, అంతా ఒకే పలకకు అతికించి వస్తుందని, పోతే మొత్తం పోయినట్టేనని అతను ఎంతో మర్యాదగా చెప్పాడు. ఇంటికి తెచ్చి బల్లమీద పెట్టి దాని నున్నటి వీపు చూస్తూ కూర్చుంటే, ఒకప్పుడు ఇదే గదిలో కంప్యూటర్లను కూరగాయల్లా విడదీసి వరసగా పేర్చుకున్న రోజులు, ఆ రోజుల్లో కుప్పం దాకా గుండె చిక్కబట్టుకుని చేసిన ఒక ప్రయాణం గుర్తుకొచ్చాయి.

అప్పట్లో నేను ఒక టమోటా మండీకి ఇంట్లోనుంచే లెక్కలు రాసేదాన్ని. కంప్యూటరు నాకెవరూ నేర్పలేదు. మండీవాళ్లు పాతదొకటి ఇస్తే అది మాటిమాటికీ మొరాయించేది, బాగుచేసే అతను వచ్చేలోపు పని ఆగిపోతుంటే విసిగిపోయి నేనే మూత విప్పాను. లోపల చూస్తే మనం భయపడినంత ఏమీ లేదు. మెమరీ ముక్కను ఊడదీసి, దాని ఇత్తడి రంగు పళ్లను పెన్సిలు తుడిచే రబ్బరుతో రుద్ది మళ్లీ పెడితే చచ్చిందనుకున్న యంత్రం లేచి కూర్చుంది. ఆ రుచి ఒకసారి తగిలాక ఇక ఊరుకోలేదు. పుంగనూరులో ఇంటర్నెట్ సెంటర్లు ఒక్కొక్కటిగా మూసేస్తున్న కాలం అది. పాత కంప్యూటర్లు గుజిరీ అంగళ్లలో ఇనుముతోపాటు తూకానికి అమ్ముడుపోయేవి. మా ఆయన సరకు ఆటోలో మా చౌడేపల్లె కూరగాయలు అక్కడ దించి వచ్చేటప్పుడు వాటిని వేసుకొచ్చేవాడు. ఆటో దిగుతున్న ఆ పెట్టెలను చూసి వీధిలోవాళ్లు, మీ ఇంట్లో మనుషులకన్నా టీవీలు ఎక్కువయ్యాయే అని వేళాకోళం చేసేవారు.

పనిచేసే భాగాలు వేరుచేసి, తుడిచి, ఫోటో తీసి, పాత వస్తువులు అమ్మే వెబ్‌సైటులో పెట్టేదాన్ని. గీత ఉంటే గీత ఉందని, మోత వస్తే మోత వస్తుందని ఉన్నదున్నట్టు రాసేదాన్ని. అందువల్లనేమో, ఒకసారి కొన్నవాళ్లు మళ్లీ కొనేవారు. గ్యాసుకు, కరెంటుకు మా ఆయన్ని అడగనక్కర్లేకుండా గడిచిపోయేది. పెద్ద ఆదాయం కాదు, కానీ దానికి ఉన్న రుచి మండీ జీతానికి లేదు.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూసుకోవలసినవి హార్డ్ డిస్కులు. వాటిలో ఎవరివో పెళ్లి ఫోటోలు, ఎవరివో ఉత్తరాలు ఉంటాయి, అవి పూర్తిగా చెరిపెయ్యకుండా ఒకరి చేతికి ఇవ్వడం తప్పు. అందుకని నాకు నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. చెరిపి, పరీక్ష చేసి, అమ్మడానికి సిద్ధమైన డిస్కుమీద నా తిలకం సీసాలోని పుల్లతో ఒక ఎర్ర చుక్క పెట్టేదాన్ని. తిలకం ఇనుముమీద ఆరితే చెమట చేతికి కూడా అంటుకోదు. బొట్టు ఉన్నది బయటికి పోవచ్చు, లేనిది కదలకూడదు. ఇంత సులువైన పద్ధతిలో తప్పు జరిగే సందు ఎక్కడా లేదని నేను నమ్మాను.

మా వీధి చివర మిషన్ ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన నర్సమ్మ ఉండేది. ఆమె భర్త చర్చిలో పాటలు నేర్పేవాడు. సొంతంగా పాటలు కట్టి, హార్మోనియం వాయిస్తూ, చిన్న మైకు పెట్టుకుని ఇంట్లో కంప్యూటరులోనే రికార్డు చేసుకునేవాడట. బాగా కుదిరాక వినిపిస్తానని ఎవరికీ ఇవ్వకుండానే ఆయన పోయాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు కంప్యూటరూ పోయింది. ఏడాది జ్ఞాపకార్థ కూడికలో ఆయన గొంతు వినిపించాలని నర్సమ్మ కోరిక. పాటలు తీసివ్వమని, మిగతా సామాను నన్నే ఉంచుకోమని ఆ పెట్టె తెచ్చి ఇచ్చింది. డిస్కు తీసి పెట్టి చూస్తే పాటలన్నీ ఉన్నాయి. పండగ ముందు మండీ లెక్కల ఒత్తిడి ఉండడంతో, పండగ కాగానే కాపీ తీద్దామని, బొట్టు లేకుండా, విడిగా పై అరలో పెట్టాను. బొట్టు లేకపోవడమే దానికి కాపలా అనుకున్నాను.

ఆయుధపూజ రోజు మా అత్త మా ఆయన ఆటో మొదలు కొడవలి దాకా అన్నిటికీ పసుపు కుంకుమ పెడుతుంటే, నా సామాన్లకు మాత్రం వద్దత్తా, పొడి లోపలికి పోతే పాడైపోతాయి అని చెప్పి వంటలో పడ్డాను. కోడలి పనిముట్లకు పూజ లేకుండా పోవడం ఆమెకు మనసొప్పలేదు. అరల్లో ఉన్నవన్నీ దించి ఒకే పీటమీద వరసగా పేర్చి, పూలు పెట్టి, నన్ను పిలిచి చూపించింది.

"పొడి తగలనీలేదమ్మా. నీ సీసాలోదే పెట్టినా, సూడు, ఎంత చక్కగా ఉండాయో."

నిజంగానే చక్కగా ఉన్నాయి. ఆమె ముఖంలో సంతోషం చూసి దండం పెట్టుకున్నానేగాని, ఆ ఎర్ర చుక్కలు నా లెక్క మొత్తం చెరిపేశాయన్న ఆలోచన, లెక్కలమనిషినని పేరు తెచ్చుకున్న నాకు, రానేలేదు. ఆ మర్నాడే కుప్పంలో సీసీ కెమెరాలు బిగించే అతను తొందరగా డిస్కులు కావాలని అడిగాడు. కొరియర్ మూసేలోపు పంపాలని హడావిడిగా పీటమీదనుంచే బొట్టు ఉన్నవి ఏరి కట్టి పంపేశాను.

నర్సమ్మ పాటలకోసం వచ్చిన ఉదయం పై అరమీద చెయ్యి పెట్టి చూస్తే అక్కడ ఏమీ లేదు. కింది అరలో ఉన్నవన్నీ తిప్పి చూశాను. అన్నిటికీ బొట్టు ఉంది. అప్పుడు అర్థమైంది. కెమెరా రికార్డరులో డిస్కు పెట్టి స్విచ్చి వేస్తే అది మొట్టమొదట చేసే పని లోపల ఉన్నదాన్ని చెరిపెయ్యడం. ఆ తర్వాత పగలూ రాత్రీ ఆగకుండా దానిమీద బొమ్మలు రాస్తూనే ఉంటుంది. కుప్పం అతనికి ఫోను చేస్తే మోగుతోందిగాని ఎత్తడంలేదు. జరిగినదంతా నర్సమ్మకు చెప్పాను. ఆమె సంచి సర్దుకుని లేచింది.

"ఈడ నిలబడి ఏడిస్తే అది వస్తుందా? పా, బస్సెక్కుదాం."

బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తూ ఉంది. నేను పంపిన పార్సిలు ఎప్పుడు చేరి ఉంటుంది, ఎప్పుడు విప్పి ఉంటాడు, పని ఎప్పుడు మొదలుపెట్టి ఉంటాడు అని లెక్క వేసుకుంటూ పోయాను. వేసిన ప్రతి లెక్కా ఆలస్యమైపోయిందనే చెప్పింది. పుంగనూరు స్టాండులో బస్సు ఆగినప్పుడు మళ్లీ ఫోను చేస్తే అతని భార్య ఎత్తింది. ఆయన గుడుపల్లె దగ్గర పాల కేంద్రంలో కెమెరాలు పెట్టడానికి పోయినాడని, ఫోను ఇంట్లోనే మరిచి పోయినాడని, పాలు కొలిచేకాడ రోజూ గొడవలంట, అందుకే తొందరపడుతున్నారని తీరిగ్గా చెప్పింది. ఆ కేంద్రంవాళ్ల నంబరు ఆమెకు తెలియదు.

పలమనేరు దాటాక నర్సమ్మ నోరు తెరిచి, నీ లెక్కల్లో దీన్ని యాడ రాస్తావమ్మా అని అడిగింది. కోపంతో అన్నదో, నన్ను కాస్త నవ్వించాలని అన్నదో తెలియలేదు. తన సంచిలోని శనగకాయల పొట్లం తీసి నా ఒళ్లో పెట్టింది. నేను ఒక్క గింజ కూడా మింగలేకపోయాను. ఆమె మాత్రం, ఆసుపత్రిలో ఆపరేషను గది బయట కూర్చున్నవాళ్లకు ఎంతమందికి తినిపించి ఉంటానో, తినని వాళ్లకు లోపల జరిగేది మారదు అంటూ ఒక్కొక్క కాయా ఒలుచుకుని తింది.

కుప్పంలో దిగి, ఆటో మాట్లాడుకుని, దారి అడుక్కుంటూ ఆ పల్లెకు చేరేసరికి ఎండ దిగుతోంది. పాల కేంద్రం అరుగుమీద క్యాన్లు బోర్లించి ఉన్నాయి. లోపల కెమెరాల అతను నిచ్చెనమీద వైరు లాగుతున్నాడు. బల్లమీద రికార్డరు పెట్టె ఉంది, దాని ప్లగ్గు గోడలో ఉంది, స్విచ్చి కిందికి నొక్కి ఉంది. ఒక్క దీపం కూడా వెలగడంలేదు. నేను ఎవరినీ అడక్కుండా పరుగెత్తి ప్లగ్గు పీకేశాను.

"కరెంటే లేదు కదమ్మా, యాల అంత పరుగు?" అన్నాడు అతను నిచ్చెనమీదనుంచే. ఎవరమో, ఆ డిస్కు ఏ కంపెనీదో చెప్పాక, అదే ఇందులో పెట్టినానని, మిగతావి నిన్ననే వేరేచోట బిగించినానని, ఇందాకే ఆన్ చేస్తే అది ఫార్మాట్ అడిగిందని, నొక్కినానని, అది అయిన వెంటనే కరెంటు పోయిందని చెప్పాడు. సాయంత్రం పాలు వచ్చేలోపు కెమెరాలు తిరగకపోతే కేంద్రంవాళ్లు తనకు పని ఇవ్వరని, రేపు వేరే డిస్కు పంపండి, అప్పుడు మారుస్తానని అన్నాడు. నేను ఏదో చెప్పబోతుంటే నర్సమ్మ నన్ను చేత్తో ఆపి నిచ్చెన దగ్గరకు నడిచింది.

"అందులో మా ఆయన ఉండాడప్పా."

అతను కిందికి దిగి స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. ఒక్కొక్క మరా విప్పుతుంటే నేను ఆ ఊడదీసిన ప్లగ్గును పిడికిట్లో పట్టుకునే నిలబడ్డాను. ఆఖరి మర తిరుగుతుండగా మా నెత్తిమీద ఫ్యాను కదిలింది. కరెంటు వచ్చింది. ముగ్గురమూ ఒకేసారి పైకి చూశాం. అతను డిస్కు బయటికి లాగి, చొక్కాకు తుడిచి నర్సమ్మ చేతిలో పెట్టాడు. దానిమీద మా అత్త పెట్టిన బొట్టు చెక్కుచెదరలేదు.

ఫార్మాట్ అంటే పుస్తకం ముందున్న విషయసూచిక చించెయ్యడంలాంటిది. లోపలి పేజీలు వెంటనే పోవు, కానీ ఏ పేజీ ఎక్కడుందో చెప్పేవాళ్లు ఉండరు. అలాంటివాటిని వెదికి తీసే ప్రోగ్రాం ఒకటి దొరికించుకుని రోజుల తరబడి కూర్చున్నాను. పాటలు పేర్లు లేకుండా, వరస లేకుండా ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. కొన్ని సగంలో తెగిపోయాయి. ఎన్ని వచ్చాయో నేను చెప్పగలను, ఎన్ని పోయాయో ఈరోజుకీ చెప్పలేను. మొత్తం ఎన్నో ఆయన ఒక్కడికే తెలుసు. మొత్తం తెలియనిచోట తేడా కట్టడం నాకు వచ్చిన ఏ లెక్కలోనూ లేదు.

వచ్చినవాటిలో ఒకటి చెడిపోయిన రికార్డు. పాట మధ్యలో కుక్కరు కూతపెట్టింది, నర్సమ్మ గొంతు దూరంనుంచి పాట ఆపి స్టవ్వు కట్టెయ్యమని అరిచింది, ఆయన నవ్వి, కడతాండా, కడతాండా అని హార్మోనియం వదిలి లేచాడు. కూడికలో దేన్ని వినిపిద్దామని అడిగితే నర్సమ్మ దాన్నే ఎంచుకుంది. అందరూ శుభ్రంగా ఉన్న పాట పెట్టమంటే ఆమె ఒప్పుకోలేదు.

"పాడేవాళ్లు శానామంది ఉండారు. నాకు జవాబు చెప్పింది ఆయనొక్కడే."

ఆ డిస్కును ఆమె చెరపనివ్వలేదు, నాకు ఇవ్వనూలేదు. నుదుట బొట్టు పెట్టుకునే అలవాటు లేని ఆమె ఇంట్లో, బైబిలు పక్కన, ఎర్ర బొట్టుతో ఆ ఇనుపముక్క చివరిదాకా ఉంది. జరిగినదేదీ మా అత్తకు మేము చెప్పలేదు. మరుసటి ఏడు ఆమె మళ్లీ తిలకం సీసా పట్టుకుని వచ్చి, పెట్టొచ్చునా అమ్మా అని అడిగినప్పుడు, పెట్టత్తా అన్నాను. ఆమె బొట్టు అలాగే ఉండనిచ్చి, నా గుర్తును సుద్దముక్క గీతకు మార్చుకున్నాను.

ఇప్పుడు అత్త లేదు, నర్సమ్మా లేదు. పాటలు, ఫోటోలు ఎక్కడో దూరంగా, మనకు కనబడనిచోట దాగి ఉంటున్నాయి. పోగొట్టుకుంటే బస్సెక్కి వెళ్లి తెచ్చుకోవడానికి వాటికి ఒక ఊరంటూ లేదు, మరలు విప్పి మన చేతిలో పెట్టడానికి ఒక మనిషంటూ లేడు. పూజరోజు కొత్త లాప్‌టాపును పీటమీద పెట్టి అత్తలాగే తిలకం సీసా తీశాను. పొడి లోపలికి పోతుందన్న భయం దీనికి లేదు, పోవడానికి సందే లేదు. అయినా చెయ్యి కుంకుమ భరిణె వైపు పోలేదు.