మూరెడు తక్కువ

స్టీరియోలు బిగించే ఆయన్ని ఊరంతా బారన్న అనేది. రెండు చేతులూ బార్లా చాపి తీగ కొలవడం ఆయన అలవాటు మరి. టేపు పెట్టుకుని తిరిగేవాళ్ళంటే చిన్నచూపు. రెండు స్పీకర్లకూ తీగ సమానంగా ఉండాలి, మధ్యలో అతుకు పడకూడదు. ఆ విషయంలో దేవుడు దిగివచ్చినా ఒప్పుకోడు, అంత మొండి ఘటం.

అలాంటి మనిషికి ఎడమ భుజం పట్టేసింది. ఆ చెయ్యి పూర్తిగా చాచలేడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే పనికి ఎవరు పిలుస్తారని భయం.

అప్పుడే అక్క కబురు పెట్టింది. తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆవిడే. పక్షవాతంతో ఒక చెయ్యి పడిపోయి మూతి వంకరపోయాక, ఆ ముఖం ఎవరి కంటా పడకూడదని వెనక గది వదలడం మానేసింది. పాటలు మాత్రం కావాలి. స్టీరియో చూస్తే ముందు గదిలో గోడ అలమరలో ఇరుక్కుని ఉంది, కదలదు. స్పీకర్లు తన మంచం దగ్గరికి తెమ్మంది.

ఆ గోడల వెంట ఎన్ని బారలో ఆయనకు ఇల్లు కట్టిన నాటి నుంచీ కంఠతా వచ్చు. ఆ లెక్క ప్రకారమే కొట్లో చేతులు చాపి, రెండు తీగలూ కోయించాడు. తీరా గోడ వెంట మేకులు కొట్టుకుంటూ వస్తే, రెండూ వెనక గది గడప దగ్గరే ఆగిపోయాయి. మంచానికి ఇంకా మూరెడు తక్కువ.

"నీ లెక్క ఎప్పుడూ తప్పదే" అన్నాడు బావ.

"కొట్టువాడు మోసం చేశాడు బావా."

"ఒరేయ్, ఇలా రా" అంది అక్క, ముద్దముద్దగా. "చేతులు చాపు."

కుడి చెయ్యి తిన్నగా లేచింది. ఎడమది సగంలో వంగి నిలబడిపోయింది.

"నాక్కూడా చెప్పలేదేం?"

"నువ్వు మాత్రం ఎవరికైనా ముఖం చూపిస్తున్నావా?"

అనేసి నాలిక కరుచుకున్నాడు. అక్క గోడవైపు తిరిగిపోయింది. ఆయన ప్రాణం చివుక్కుమంది. పెంచిన చేతిని నరికినట్టనిపించింది.

"రేపు కొత్త తీగ తెస్తానక్కా" అన్నాడు.

"వద్దు." మెల్లగా ఇటు తిరిగింది. "స్పీకర్లు ముందు గదిలోనే పెట్టు. నేనే వస్తా."

బావ ఒక పక్క, తమ్ముడు ఒక పక్క పట్టుకున్నారు. తమ్ముడి ఎడమ చెయ్యి సరిగా ఆనలేదు. అక్కే మంచి చేత్తో తమ్ముడి మెడ గట్టిగా పట్టుకుంది. ముందు గదిలో కుర్చీలో కూర్చున్నాక చెయ్యి మూతికి అడ్డం పెట్టుకుంది. పాట మొదలైంది. కాసేపటికి ఆ చెయ్యి ఒళ్ళోకి దిగింది.

వీధిలో ఎవరో వెళ్తూ ఇటు చూశారు. బావ గబగబా లేచాడు.

"తలుపు వెయ్యనా?"

"ఉండనీ" అంది అక్క. "గాలి వస్తోంది."