పోగులు అతికే వేళ్లు

హిందూపురంలో ఆడపిల్లల కోసం ఒక చిన్న నిలయం ఉండేది. మనసు చెదిరిన పిల్లలను రెండు వారాలు ఉంచుకుని, తేరుకున్నాక ఇంటికి పంపేవాళ్లు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అక్కడ ఆయాగా చేరాను. అప్పటికి నాకు యాభై దాటాయి. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుని ఏడాదే అయింది. ఒక్కో పిల్ల గురించి రోజూ పుస్తకంలో రెండు ముక్కలు రాయాలి. సొంతంగా రాయాలంటే భయం. నర్సు పైన రాసిందే చూసి కింద దించేదాన్ని.

ధర్మవరం నుంచి వచ్చిన పదహారేళ్ల పిల్ల నాలుగు రోజులుగా నోరు విప్పలేదు, అన్నం ముట్టలేదు. బతిమాలి కాసిని పాలు తాగించేవాళ్లం. వేళ్లు మాత్రం ఆగకుండా కదిలేవి. ‘చేతులు వణుకు’ అని నర్సు రాసింది. నేనూ అదే రాశాను, మూడు రోజులు. ఇద్దరం చూసి రాశామని నమ్మి డాక్టరు మాత్ర మార్చాడు. సోమవారానికీ తినకపోతే బెంగళూరు పెద్దాసుపత్రికి పంపుదామన్నాడు.

ఆ పిల్ల తల్లి పెనుకొండలో తన అక్క ఇంట్లో ఉండి రోజూ బస్సులో వచ్చేది. “అంత దూరం పోతే నా బిడ్డ మళ్లా ఇంటికొస్తాదా అక్కా?” అని నన్ను పట్టుకుని ఏడ్చింది.

ఆదివారం మధ్యాహ్నం పిల్ల ముందు పళ్లెం పెట్టి, మొదటిసారి ఆ వేళ్లను సరిగ్గా చూశాను. అది వణుకు కాదు. మెలిపెట్టి, వదిలి, పక్కకు జరిగి, మళ్లీ మెలిపెడుతున్నాయి. నా పుట్టిల్లూ ధర్మవరమే. మగ్గం మీద ఒక అచ్చు, అంటే నిలువు పోగుల వరస, నేత అయిపోతే, పాత పోగులకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతకాలి. పెళ్లికి ముందు నేనూ ఆ పని చేశాను. పోగు జారకుండా వేళ్లకు బూడిద అద్దుకుని కూర్చుంటే మధ్యలో తిండి ముట్టం. జిడ్డు అంటితే పట్టు పాడవుతుంది.

“ఏమ్మే, అచ్చు యాడిదాకా వచ్చింది?” అన్నాను.

తలెత్తకుండానే, “సగం” అంది.

ఇన్ని రోజుల్లో అదే మొదటి మాట. “ఒక్కదానివే ఎంతసేపని అతుకుతావు? ఆ పక్క నుంచి నేనొస్తా.” ఎదురుగా కూర్చుని ఉత్త గాలిలో వేళ్లు మెలిపెట్టాను.

“నీ వేళ్లు మొద్దువి అవ్వా. పోగులన్నీ తెంపుతాండావు.”

“పోవే! నువ్వు పుట్టకముందే మీ ఊళ్లో అతికినదాన్ని. ఇంక చాలు, చెయ్యి కడుక్కో.”

కడుక్కుంది. నాలుగు ముద్దలు తినింది.

సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్లి, “సార్, వణుకని రాసింది నేను చూసి కాదు. నర్సమ్మ పైన రాసిన మాట దించినా” అని చెప్పేశాను. పిల్లతో కలిసి గాలిలో పోగులు అతికిందీ చెప్పాను. పని పోతుందనుకున్నాను. ఆయన ముఖం గంటు పెట్టుకుని పుస్తకం నా ముందుకు తోశాడు.

“నువ్వు చూసింది నీ మాటల్లో రాయి.”

చాలాసేపు పట్టింది. ‘పోగులు అతుకుతాంది. అడిగితే మాట్లాడింది. నాలుగు ముద్దలు తినింది.’ ఆయన రెండుసార్లు చదివాడు. కొత్త మాత్ర పేరు మీద గీత కొట్టేశాడు. “ఇంకో వారం ఈడే ఉండనీ. మళ్లీ ఇట్లాంటిది చేసేముందు నాకు చెప్పు” అన్నాడు.

గేటు దగ్గర తల్లి నిలబడి ఉంది. “బెంగళూరుకేనా అక్కా?”

“యా బెంగళూరూ లేదు. లోపల ఉప్మా తింటాంది, పో.”

ఆమె చెప్పులు కూడా విప్పకుండా లోపలికి పరుగెత్తింది. నేను మెట్టు మీద కూర్చున్నాను.